తల్లి లేని పిల్లికూనలు దొరికితే: మొదటి గంట నుంచి ఎనిమిదో వారం దాకా ఏం చేయాలి

"మేడ మీద ట్యాంకు కింద మూడు పిల్లికూనలు ఉన్నాయి. తల్లి కనబడట్లేదు. పాలు పోస్తే తాగట్లేదు. ఏం చేయమంటారు?" వీధిపిల్లుల్ని కాపాడే పనిలో ఉన్నవాళ్లకు మళ్లీ మళ్లీ వచ్చే ఫోను ఇదే. అవతలి నుంచి జవాబు వచ్చేలోపే చాలామంది గిన్నెలో ఆవుపాలు పోసి కూన మూతిని అందులో ముంచేసి ఉంటారు. జాలితోనే చేస్తారు. కానీ కూన ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా అక్కడే. చల్లబడిపోయిన ఒంట్లో పాలు అరగవు, వెల్లకిలా పట్టుకుని పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అందుకే ఒక వరస గుర్తుపెట్టుకోండి: ముందు తల్లి కోసం చూడటం, తర్వాత వెచ్చబెట్టడం, ఆ తర్వాతే పాలు. కింద చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది.

1. తల్లి నిజంగా లేదా? తేల్చుకోండి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. చోటు మార్చేటప్పుడు తల్లి ఒక్కో కూననే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మీకు ఒంటరిగా కనబడిన కూన మూడో విడతకో నాలుగో విడతకో మిగిలినదై ఉండవచ్చు. తిండి కోసం వెళ్లిన తల్లి కొన్ని గంటలు రాకపోవడమూ మామూలే.

కూనలు శుభ్రంగా, వెచ్చగా, పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే. వాటిని ముట్టుకోకుండా పది పదిహేను మీటర్ల దూరం వెళ్లిపోండి. మీరు అక్కడే నిలబడి ఉంటే తల్లి రాదు. నాలుగు నుంచి ఆరు గంటలు ఆగండి. కాపలా కాయడం కుదరకపోతే కూనల చుట్టూ బియ్యప్పిండి పల్చగా వలయంలా చల్లి వెళ్లండి. తిరిగొచ్చేసరికి పిండి మీద పంజా గుర్తులుంటే తల్లి వచ్చిపోయినట్టు. సున్నం కలిసిన ముగ్గుపిండి మాత్రం వాడకండి, కళ్లు మండుతాయి.

మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్నది అపోహ. చోటు ప్రమాదంగా ఉంటే, అంటే కారు చక్రం కిందో, వాననీరు చేరే చోటో, కుక్కలు తిరిగే చోటో ఉంటే, కూనల్ని అట్టపెట్టెలో పెట్టి దగ్గర్లోనే కాస్త ఎత్తైన నీడకు మార్చండి. కూనల అరుపు విని తల్లి వెతుక్కుంటూ వస్తుంది. తల్లిపాలకు ఏ పాలపొడీ సాటిరాదు కాబట్టి, తల్లి ఉంటే తల్లికి రోజూ తిండీ నీళ్లూ పెట్టడమే మీరు చేయగల అతి పెద్ద సాయం.

ఆగకుండా వెంటనే తీసుకోవాల్సిన సందర్భాలు: ఒళ్లు చల్లగా ఉండటం, ఒంటి మీద ఈగలో పురుగులో ఉండటం, గాయం, ఆపకుండా అరవడం లేదా అరవలేక చాపలా పడి ఉండటం, తల్లి చనిపోయిందని తెలియడం.

ఎత్తేటప్పుడు మందపాటి తువాలు వాడండి. తల్లిపిల్లి గానీ కూన గానీ కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి. చిన్న కూనే కదా అని వదిలేయవద్దు.

2. వయసు అంచనా వేయండి

ఎంత పాలు, ఎన్ని గంటలకు, మూత్రం మీరు పోయించాలా వద్దా అన్నవన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

- బొడ్డుతాడు ఇంకా ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి, చెవులు తలకు అతుక్కుని ఉన్నాయి: 5 రోజుల లోపు. బరువు 100 గ్రాముల చుట్టుపక్కల.
- కళ్లు కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నాయి: 8 నుంచి 14 రోజులు.
- చెవులు నిలబడుతున్నాయి, తడబడుతూ నడుస్తోంది, ముందు పళ్లు మొలుస్తున్నాయి: 3 వారాలు.
- కోరపళ్లు కనబడుతున్నాయి, ఆడుకుంటోంది: 4 వారాలు.
- పరుగెడుతోంది, ఎక్కుతోంది, కళ్ల నీలం రంగు మారుతోంది: 6 నుంచి 7 వారాలు.

మూసుకున్న కళ్లను వేళ్లతో తెరవకండి. రెప్ప కింద ఉబ్బి చీము ఉన్నట్టనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

కావాల్సినవి

- లోతైన అట్టపెట్టె, పాత నూలు బట్టలు. టర్కీ తువాలు దారాల్లో గోళ్లు చిక్కుకుంటాయి, అది వద్దు
- వేడినీళ్ల రబ్బరు సంచి, లేదా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ సీసాలు రెండు
- 1 గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ కాటా
- డిజిటల్ థర్మామీటరు, వాజలీను
- పిల్లికూనల పాలపొడి. పెంపుడు జంతువుల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డబ్బా మీద కూనల కోసం అని ఉండాలి. కుక్కపిల్లలది కాదు, మనుషుల పిల్లలది అసలే కాదు
- సూది తీసేసిన 2, 5 మి.లీ. సిరంజిలు, లేదా కూనల పాలసీసా
- దూది, గ్లూకోజ్ పొడి, ఓఆర్ఎస్ పొట్లం
- ఒక నోటుపుస్తకం. దీన్ని చాలామంది అనవసరం అనుకుంటారు. మూడోరోజుకు ఏ కూన ఎంత తాగిందో గుర్తుండదు

3. వెచ్చబెట్టండి. పాల జోలికి ఇంకా వెళ్లకండి

మూడు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. చిటికెన వేలు కొనను దాని నోట్లో పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలితే కూన ప్రమాదంలో ఉన్నట్టు. థర్మామీటరు కొసకు వాజలీను రాసి, కొస మాత్రమే మలద్వారంలో పెట్టి చూడండి. మొదటి వారంలో 95 నుంచి 99 డిగ్రీల ఫారెన్‌హీట్, నాలుగో వారానికి 100 నుంచి 102 ఉండాలి. 95 కంటే తక్కువుంటే ఒక్క చుక్క పాలు కూడా పట్టకండి.

సీసాలో వేడినీళ్లు నింపి, రెండు పొరల బట్ట చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి. వేడి ఎక్కువైతే కూన పాకి అవతలికి పోవడానికి ఆ చోటు కావాలి. రెండు మూడు గంటలకోసారి నీళ్లు మార్చండి. చల్లారిన సీసా పక్కనే ఉంటే అది కూన వేడినే లాగేస్తుంది. రాత్రిళ్లు కూనలు కుదేలవడానికి ఇదొక కారణం. సీసాలు లేకపోతే మందపాటి సాక్సులో బియ్యం పోసి ముడేసి, మైక్రోవేవ్‌లో ఒక నిమిషం వేడి చేసి, బట్ట చుట్టి పెట్టవచ్చు. ఏదీ లేకపోతే మీ ఒంటికి ఆనించి చొక్కా లోపల పెట్టుకోండి. అది బాగా పనిచేస్తుంది.

చల్లబడిన కూనను గంట, రెండు గంటల్లో మెల్లగా వెచ్చబెట్టాలి. వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పట్టడం, బట్ట చుట్టని సీసాకు ఆనించడం చేయకండి. చర్మం కాలుతుంది, ఒక్కసారిగా వేడెక్కితే గుండె తట్టుకోలేదు. పెట్టె మీద బల్బు వేలాడదీయడమూ మంచిది కాదు. దానికి దూరంగా జరిగే బలం కూనకు ఉండదు, అట్టకు నిప్పంటుకునే ప్రమాదం కూడా.

పెట్టెలోపల మొదటి వారం 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, రెండో వారం 27 నుంచి 29 ఉంటే చాలు. మన ఎండాకాలంలో అసలు గది వేడే 38 దాటుతుంది. అప్పుడు సీసా తీసేయండి. చల్లని గదిలో పెట్టండి గానీ ఫ్యాను గాలీ ఏసీ గాలీ నేరుగా తగలనివ్వకండి.

సరిగ్గా ఉందో లేదో తెలిసేది ఇలా: కూనలు గుట్టగా ఒకదానిమీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. ఎవరికి వారు దూరంగా కాళ్లు చాపుకుని, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వేడి. పక్కపక్కనే ఆనుకుని నిశ్శబ్దంగా పడుకుంటే సరిపోయింది.

వెచ్చబడుతున్నా నీరసంగా వేలాడిపోతుంటే, చిటికెడు గ్లూకోజ్‌ను చెంచాడు గోరువెచ్చని నీటిలో కలిపి, వేలితో చిగుళ్ల మీద రెండు చుక్కలు రాయండి. రెండు మూడు నిమిషాలకోసారి మళ్లీ రాస్తూ డాక్టరు దగ్గరికి బయల్దేరండి. నోట్లో పోయవద్దు, మింగే శక్తి అప్పుడు దానికి ఉండదు.

4. పాలు: ఏవి, ఎంత

ఆవుపాలు, గేదెపాలు, పాలప్యాకెట్లు వద్దు. పిల్లిపాలతో పోలిస్తే ఆవుపాలలో మాంసకృత్తులు తక్కువ, లాక్టోస్ ఎక్కువ. గేదెపాలు మరీ చిక్కన. రెండింటితోనూ విరేచనాలు పట్టుకుంటాయి. 150 గ్రాముల కూనకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఒక్కరోజులోనే ప్రాణం పోవచ్చు. నీళ్లు కలిపి పల్చన చేస్తే సరిపోతుందనుకోకండి, ఉన్న పోషణ కూడా పోతుంది. పాలన్నం, పెరుగన్నం, బిస్కెట్ నానబెట్టిన పాలు ఈ వయసుకు తిండి కాదు.

రాత్రి పదింటికి కూనలు దొరికి దుకాణాలు మూసేసి ఉంటే? ఒంటి వేడి సరిగ్గా ఉందని చూసుకుని, ఒకటి రెండు విడతలు గోరువెచ్చని ఓఆర్ఎస్ నీళ్లు పట్టండి. పొట్లాన్ని దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. తెల్లారేదాకా ఇంకా ఆగాల్సివస్తే మేకపాలు దొరికితే కాచి చల్లార్చి వాడవచ్చు. ఇది ఒక్క రాత్రి గడవడానికే, దీనితోనే పెంచేయవచ్చని కాదు.

పాలపొడి డబ్బా మీద రాసిన పాళ్లు ఎంతో అంతే కలపండి. చెంచాను తలకొట్టి కొలవాలి. చిక్కగా ఉంటే బలమని ఎక్కువ వేస్తే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. పొదుపని పల్చగా కలిపితే బరువు పెరగదు. కలిపిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంటాయి. ఆ విడతకు సరిపడానే బయటికి తీసి, వేడినీళ్ల గిన్నెలో గ్లాసు పెట్టి గోరువెచ్చగా చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే కొంత చల్లగా కొంత మరిగి ఉంటుంది. మణికట్టు మీద చుక్క వేసుకుంటే చల్లగానూ వేడిగానూ తెలియకూడదు. కూన తాగి మిగిల్చింది పారబోయండి.

ఒక విడతకు కొలత: ప్రతి 100 గ్రాముల బరువుకు 4 మి.లీ. వయసును కాదు, కాటా మీది బరువునే చూసి లెక్కవేయండి.

- 100 నుంచి 150 గ్రా.: 4 నుంచి 6 మి.లీ., 2 గంటలకోసారి, రాత్రి కూడా
- 150 నుంచి 250 గ్రా.: 6 నుంచి 10 మి.లీ., 2 నుంచి 3 గంటలకోసారి
- 250 నుంచి 350 గ్రా.: 10 నుంచి 14 మి.లీ., 3 నుంచి 4 గంటలకోసారి
- 350 నుంచి 450 గ్రా.: 14 నుంచి 18 మి.లీ., 4 నుంచి 5 గంటలకోసారి
- 450 గ్రా. దాటాక: 18 మి.లీ. పైన, 5 నుంచి 6 గంటలకోసారి

బాగా ఆకలితో దొరికిన కూనకు మొదటి రెండు విడతలు ఇందులో సగమే ఇవ్వండి.

5. తాగించే తీరు

ఇక్కడ జరిగే పొరపాటే అన్నిటికంటే ప్రమాదం, కాబట్టి నెమ్మదిగా చదవండి. మనం పసిపిల్లల్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని పాలు పట్టినట్టు కూనకు పట్టకూడదు. కూన తల్లి దగ్గర ఎలా తాగుతుందో చూడండి: బోర్లా, పొట్ట నేలకు ఆనించి, తల కొద్దిగా ఎత్తి. మీ దగ్గరా అలాగే తాగాలి.

ఒళ్లో బట్ట పరిచి కూనను బోర్లా పడుకోబెట్టండి. ఎడమచేత్తో తల వెనక నుంచి తేలికగా పట్టుకోండి, గడ్డం నేలకు సమాంతరంగా ఉండాలి. సిరంజి కొసను నోటి పక్క నుంచి పెట్టి ఒక చుక్క వదలండి. నాలుక కదిపి మింగాక ఇంకో చుక్క. 5 మి.లీ. తాగించడానికి ఐదు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. సిరంజి కొత్తల్లో మెత్తగా కదులుతుంది, కొన్ని రోజులకు రబ్బరు బిగుసుకుని ఒక్కసారిగా జారి పాలు చిమ్ముతుంది. బిగుసుకున్న సిరంజిని ఆ రోజే పారేయండి.

పాలసీసా వాడితే నిపిల్‌కు మీరే రంధ్రం చేయాల్సి ఉంటుంది. సూదిని వేడి చేసి గుచ్చండి. తలకిందులుగా పట్టుకుంటే మెల్లగా ఒక్కో చుక్క రాలాలి. ధారగా కారితే ఆ నిపిల్ పనికిరాదు. ఉగ్గుగిన్నె, చెంచా, ఇంకు ఫిల్లరు వద్దు. వాటిలో ఎంత పోతోందో మీ చేతిలో ఉండదు.

ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తలను కొద్దిగా కిందికి వంచి, ముక్కు తుడవండి. గాల్లో విసిరి ఊపడం లాంటివి చేయకండి. ఆ తర్వాత ఊపిరిలో టక్‌టక్ చప్పుడు గానీ గురక గానీ వినబడినా, చిగుళ్లు నీలంగా మారినా ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన పాలు న్యుమోనియాగా మారతాయి.

అయ్యాక భుజం మీద వేసుకుని వీపు నిమిరి త్రేన్పు రానివ్వండి. మూతి, మెడ తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. ఎండిన పాల కింద వెంట్రుకలు రాలి పుండ్లవుతాయి. కడుపు నిండితే పొట్ట గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. డోలులా బిగిస్తే ఎక్కువైంది. వచ్చే విడతలో తగ్గించండి.

6. మూత్రం, మలం మీరే పోయించాలి

మూడు వారాల లోపు కూనకు తనంతట తాను విసర్జించడం చేతకాదు. తల్లి నాకుతుంది, అప్పుడే వస్తుంది. కడుపు నిండా పాలు పట్టి ఈ పని మరిచిపోతే మూత్రాశయం ఉబ్బిపోతుంది.

ప్రతి విడతకూ ముందో తర్వాతో, గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో తోక కింద సున్నితంగా చిన్నచిన్న వలయాలుగా తడమండి. అర నిమిషం, నిమిషంలో మూత్రం వస్తుంది. ఆగేదాకా తడుముతూనే ఉండండి. రుద్దకండి, చర్మం ఎర్రబడుతుంది. మలం రోజుకు ఒకటి రెండుసార్లు వస్తుంది.

చూడాల్సిన రంగులు: మూత్రం లేత పసుపు లేదా నీళ్లలా ఉండాలి. ముదురైతే ఒంట్లో నీరు చాలట్లేదు. మలం ఆవపొడి రంగులో, పళ్లపేస్టులా ఉండాలి. నీళ్లలా, తెల్లగా, ఆకుపచ్చగా, రక్తంతో ఉంటే కొంత నమూనా డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మలం రెండు రోజులు రాకపోయినా చూపించాలి.

7. రోజూ తూకం

అన్నీ బాగున్నాయో లేదో మీకు ముందుగా చెప్పేది కాటానే, కూన ముఖం కాదు. కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేసి, రోజూ ఒకే సమయంలో, పాలకు ముందు తూచండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు, వారానికి దగ్గరదగ్గర 100 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కొలతలు, పాల పాళ్లు, వేడి సరిచూసుకోండి. బరువు తగ్గితే గానీ, రెండు రోజులు పెరగకపోతే గానీ డాక్టరు. కూనలన్నీ ఒకేలా ఉంటే గోళ్లకు వేర్వేరు రంగుల గోళ్లరంగు వేయకండి, నాకుతాయి. మచ్చల్ని బట్టి గుర్తుపట్టి పేర్లు రాసుకోండి.

8. ఫ్లీలు, మందులు, ఫినాయిలు

వెంట్రుకలు పాయ తీసి చూస్తే మిరియాల పొడిలా నల్లటి నలుసులు కనబడతాయి. తడి దూది మీద వేస్తే ఎర్రగా కరిగితే అది ఫ్లీలు అనే దూకే పురుగుల మలం. అవి తాగే రక్తంతోనే చిన్న కూన పాలిపోయి చనిపోవచ్చు. కూన వెచ్చగా, చురుగ్గా ఉంటేనే, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం వేసి ముందు మెడ చుట్టూ నురగ పెట్టి, తర్వాత ఒంటికి రాయండి. మెడ దగ్గర అడ్డు పెట్టకపోతే పురుగులన్నీ ముఖం మీదికి ఎక్కుతాయి. తల తడపకండి. ఐదు నిమిషాల్లో ముగించి వెంటనే పూర్తిగా ఆరబెట్టి, పేన్ల దువ్వెనతో దువ్వండి.

ఇంట్లో ఉండి పిల్లుల్ని చంపేవి కొన్ని:

- కుక్కల గోమార్ల పొడి, స్ప్రే. వీటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లులకు విషం
- పారాసిటమాల్, పిల్లల జ్వరం సిరప్పు అయినా సరే. ఒక్క మాత్రతోనే పెద్ద పిల్లి చనిపోతుంది
- ఫినాయిలు, డెట్టాలు. పెట్టె తుడవడానికి కూడా వద్దు, కాళ్లకంటినది నాకుతాయి
- కర్పూరం, యూకలిప్టస్ నూనె, సువాసన నూనెలు

నేల కడగడానికి బ్లీచ్ వాడండి: ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు, పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే కూనల్ని వదలండి. పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే పిల్లుల పార్వో వైరసు ఫినాయిలుకు చావదు, గదిలో నెలల తరబడి ఉంటుంది. ఇంట్లో పిల్లులుంటే కొత్త కూనల్ని 14 రోజులు వేరే గదిలో ఉంచి, చేతులు కడుక్కుని బట్టలు మార్చుకున్నాకే మీ పిల్లిని ముట్టుకోండి.

నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచే మొదలవుతుంది, రెండేసి వారాలకు మళ్లీ. డోసు డాక్టరే చెప్పాలి, మీరు చెప్పాల్సింది గ్రాముల్లో సరైన బరువు. పాడిపశువుల్నే ఎక్కువ చూసే పశువైద్యశాలకు వెళ్తే, రాసిన మందు పిల్లికూనలకు ఇవ్వవచ్చా అని ఒకసారి అడగడంలో తప్పులేదు.

9. నాలుగో వారం నుంచి తిండి

కోరపళ్లు వచ్చి, నిపిల్‌ను నములుతుంటే మొదలుపెట్టవచ్చు. కూనల తడిఆహారంలో అవే పాలు కలిపి జావలా చేసి పల్లెంలో పెట్టండి. తినకపోతే వేలికి రాసి నాకించండి. మూతి ముంచకండి. పాలు ఒక్కసారిగా మానిపించకుండా రెండు మూడు వారాల్లో తగ్గిస్తూ రండి. ఇంటి తిండి పెట్టాలంటే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను ఎముకలు తీసి మెత్తగా చేసి కొద్దికొద్దిగా. మాంసం మాత్రమే పెడితే కాల్షియం చాలక ఎముకలు బలహీనపడతాయి, కాబట్టి కూనల ఆహారమే ప్రధానంగా ఉండాలి.

ఈ వయసులోనే తక్కువ అంచున్న ట్రేలో శుభ్రమైన ఇసుక గానీ చింపిన వార్తాపత్రిక గానీ పెట్టండి. తిన్న వెంటనే అందులో దింపితే రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటాయి. దుకాణాల్లో ట్రే కోసం అమ్మే లిట్టర్‌లో తడిస్తే గడ్డకట్టే రకం ఇప్పుడు వద్దు, రుచి చూసి మింగేస్తాయి.

10. టీకాలు, ఆపరేషన్, ఇల్లు

6 నుంచి 8 వారాలకు మొదటి టీకా, 3 నుంచి 4 వారాలకోసారి 16 వారాల దాకా. రేబిస్ టీకా 12 వారాలకు. ఆడపిల్లి నాలుగో నెలకే ఎదకు రావచ్చు, చూలు రెండు నెలలే. అందుకని నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేయించాలి. తిరిగి వీధిలోనే వదిలే పిల్లి అయితే అదే మత్తులో ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించమనండి. మళ్లీ ఎవరో పట్టుకుని ఆపరేషన్ బల్ల ఎక్కించకుండా అదే గుర్తు.

దత్తత ఇచ్చేది ఎనిమిది వారాలు నిండాకే. జంటగా తీసుకునేవాళ్లు దొరికితే ఇంకా మంచిది, ఒకదానితో ఒకటి ఆడుకుంటూ కొరకడం ఎంతవరకో నేర్చుకుంటాయి. ఫ్లాటులో ఉండేవాళ్లయితే బాల్కనీకి, కిటికీలకు వల ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. ఫోటో పంపుతామంటే ఒప్పుకోవద్దు. కూనతో పాటు తూకాల పుస్తకం, నులిపురుగుల మందు వేసిన తేదీలు, టీకా కార్డు ఇచ్చి, తర్వాతి టీకా తేదీ, ఆపరేషన్ చేయించాల్సిన నెల కార్డు మీద రాసి ఇవ్వండి. ఆ నెల రాగానే మీరే ఫోన్ చేయండి.